వాననాటికి దాచిన గింజ

ఇంగ్లీషు వాచకములలో తరచుగా కనబడే పలుకుబడులలో ‘సేవ్ ఫర్ ఎ రెయినీ డే’ అన్నది ఒకటి. ఉన్నత పాఠశాలకు వచ్చిన ప్రతి విద్యార్థికీ ఇది పాఠములోనో, అనువాదాభ్యాసములోనో ఎక్కడో ఒకచోట ఎదురుపడక మానదు. మాటకు మాట పెట్టి తెలిగించితే ‘వాన దినమునకు దాచుకొనుము’ అని వస్తుంది. ఇంగ్లీషువాని మనస్సులోని అర్థము అది కాదు. చేతిలో ఆదాయము ఆడుతున్నప్పుడే కొంత మిగిల్చి, చెప్పకుండ వచ్చిపడే కష్టకాలమునకు ఉంచుకొమ్మని అతని ఉద్దేశము. మన నుడికారములో చెప్పవలెనంటే నాలుగు రాళ్ళు వెనకేసుకొమ్మనడమే.

అర్థము ఇంతే అయినా, వాడుకలో కొన్ని మెలకువలు ఉన్నవి. ‘సైకిలు కొనుక్కొనడానికి రెయినీ డే కోసం డబ్బు కూడబెట్టినాను’ అని మన పిల్లలు వ్రాస్తారు. అది పొరపాటు. సైకిలు కొనుట మనము కోరి చేసే పని. ‘రెయినీ డే’ కోరకుండ వచ్చేది. జబ్బు, ఉద్యోగము ఊడుట, పంట పోవుట, ఇల్లు కూలుట - ఇటువంటివి దాని క్రిందికి వస్తవి. పాత పుస్తకములలో ‘ఫర్’ అన్నచోట ‘అగైనెస్ట్’ అన్న విభక్తి కనిపిస్తుంది. దానిని చూచి ‘వాన దినమునకు వ్యతిరేకముగా’ అని అనువదించిన మహానుభావులు లేకపోలేదు. అక్కడ దాని అర్థము విరోధము కాదు, రాబోయేదానిని తలచుకొని ముందుగా సిద్ధపడుట. ఇక తేలికపాటి వాడుక మరొకటి ఉన్నది. ‘ఈ నవలను రెయినీ డేకు ఉంచుకొన్నాను’ అని ఎవరైన అంటే, కష్టము వచ్చినపుడు చదువుతాడని కాదు. బయటకు కదలలేని తీరిక దినమున చదువుతాడని. అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వములు పన్నులు బాగుగా వచ్చిన ఏట కొంత సొమ్ము వేరుగా తీసి ఉంచుతవి. ఆ నిధికి వారు పెట్టుకొన్న వాడుక పేరు ‘రెయినీ డే ఫండ్’.

ఈ పలుకుబడికి నాలుగు వందల ఏండ్లు పైబడిన వయస్సు ఉన్నది. మొదటి ఎలిజబెత్ రాణి నాటి ‘ది బగ్‌బేర్స్’ అనే హాస్యనాటకములోనే ఇది కనబడుతుంది. ఆ నాటకము ఇటాలియను మూలమునుండి తెచ్చుకొన్నది. అప్పటి ఇంగ్లండులో పొలము పనికి పోయే కూలివానికి ఏనాటి కూలి ఆనాడే. వాన పట్టితే పని లేదు, పని లేకపోతే కూలి లేదు. అతని ఇంటిలో వాన దినమంటే ఆకలి దినమే. పలుకుబడి పుట్టుకకు పండితులు సామాన్యముగా చెప్పే కారణము ఇదే. వినడానికి సబబుగానే ఉన్నది.

ఇంతవరకు చిక్కు లేదు. ఈ పలుకుబడిని తీసికొనిపోయి గుమ్మఘట్టలో ఒక తరగతి గదిలో నల్లబల్లమీద వ్రాసినప్పుడు చిక్కు వస్తుంది.

గుమ్మఘట్ట అనంతపురము జిల్లాకు పడమటి అంచున, రాయదుర్గమునకు చేరువలో, కన్నడ దేశపు పొలిమేరను ఆనుకొని ఉన్న సీమ. పడమటి కనుమలు నైరుతి మేఘములను తమ ఆవలి వాలులలోనే పిండుకొంటవి. ఈశాన్యపు మేఘములు బంగాళాఖాతమునుండి ఇంత దూరము నడిచి వచ్చేసరికి అలసిపోతవి. రెంటికి చెడిన రేవడి అన్నట్లు ఈ పీఠభూమి మధ్యలో నిలిచిపోయినది. దేశములో రాజస్థానపు జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమని చెప్పుకొనుట పరిపాటి. ఈ మండలములోనే వేదవతి నదికి అడ్డముగా 1961 నాటి భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నది. ఆ నదినే ఇక్కడివారు హగరి అంటారు. నది ఎగువన, హిరియూరు దగ్గర, మైసూరు సంస్థానమువారు 1907 నాటికి కట్టి ముగించిన వాణీవిలాస సాగరము ఉన్నది. ఆ సాగరము 1933లో నిండి పొరలినది. మళ్ళీ నిండి పొరలడానికి 2022 దాకా పట్టినది. నడుమ 89 సంవత్సరములు. పై చెరువు నిండడానికే ఒక మనుష్యాయుర్దాయము గడిచిపోయిన నది ఒడ్డున కూర్చున్న పిల్లవానికి ‘వాన దినము అనగా కష్టకాలము’ అని బోధించవలసిన బాధ్యత మన ఉపాధ్యాయ మిత్రులమీద పడుతున్నది.

పాఠకులకు ఒక విచిత్రము మనవి చేస్తాను. ఏడాదికి అనంతపురములో పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. లండను నగరములో పడేది సుమారు 600. అనగా నీటి కొలతలో ఈ రెంటికి గొప్ప అంతరము లేదు! ఉన్న అంతరమంతా పంపకములో ఉన్నది. లండనులో ఆ వాన నూరు దినములకు పైగా చిల్లరగా, చినుకు చినుకుగా రాలుతుంది. అనంతపురములో ఏడాది మొత్తము మీద చెప్పుకోదగిన వాన పడే దినములు ముప్పదికి కొంచెము అటూ ఇటూ ఉంటవి. ఎండ తీవ్రతకు పడినదానిలో చాల భాగము ఆవిరియై తిరిగి ఆకాశమునకే పోతుంది. లండనువానికి వాన దినము విసుగు పుట్టించేటంత సమృద్ధి. గుమ్మఘట్టవానికి అది వ్రేళ్ళమీద లెక్కపెట్టుకొనే సొత్తు. ఒకే మాటకు అక్కడ ఒక ముఖము, ఇక్కడ మరొక ముఖము ఏర్పడుటలో వింత ఏమున్నది?

మన భాషవైపు చూడండి. ధనము సమృద్ధిగా వస్తే కాసుల వర్షమంటాము. దైవము దయ చూపితే కరుణావృష్టి అంటాము. పెద్దలు దీవిస్తే పూలవాన కురిసినట్లున్నదంటాము. కథలలో మంచి రాజు పాలించే రాజ్యములో నెలకు మూడు వానలు కురుస్తవి. వానలు ఎగవేసిన ఏట పల్లెలలో విరాటపర్వము చదివించుట తెలుగుదేశములో పూర్వమునుండి ఉన్న ఆచారము; కప్పలకు పెండ్లి చేయుట మరొకటి. కష్టకాలమును రమ్మని పురాణము పెట్టించుకొనే జాతి భూమిమీద ఎక్కడైన ఉంటుందా?

కొన్నేండ్ల క్రిందట ఒకచోట జవాబు పత్రములు దిద్దుతూ ఉండగా ఒక ఉపన్యాసక మిత్రుడు నా బల్ల దగ్గరకు వచ్చి, నవ్వుతూ ఒక కాగితము చూపినాడు. ఈ పలుకుబడిని అర్థవివరణకు ఇచ్చినారు. ఏ ఊరి పిల్లవాడో తెలియదు గాని, మాటతీరును బట్టి మా పడమటి పల్లెలవాడే. ‘వాన వచ్చే దినానికి ఇంత విత్తనం దాసిపెట్టుకోవల్ల, ల్యాకుంటే వాన వచ్చినా బతుకు రాదని మా జేజి చెప్తాది’ అని వ్రాసినాడు. ఎదుట ఎఱ్ఱసిరాతో గుండ్రని సున్న.

“సున్న ఎందుకు వేసినారండీ?” అన్నాను.

“మరేమి వేయమంటారు? అర్థము తలక్రిందులు చేసినాడు గదా!”

“మీ ఊరిలో వాన పడితే కష్టమా, సుఖమా?”

ఆయన గోదావరి లంకలలో పుట్టినవాడు. ఒక్క క్షణము ఆలోచించి, “ముసురు పట్టితే మా పాలేళ్ళ ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేచేది కాదు” అన్నాడు.

ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది. ఎందుకనగా, ఇంగ్లీషు ‘రెయినీ డే’కు సరియైన తెలుగు ఆయన నోట తన ప్రయత్నము లేకుండనే వచ్చినది. పని లేదు, గింజ లేదు, పొయ్యి రాజలేదు. వెచ్చటి బూడిదలో పడుకొన్న పిల్లికి లేవవలసిన అవసరము రాలేదు. ఎలిజబెత్ రాణి నాటి కూలివాని కష్టము, కోనసీమ కూలివాని కష్టము ఒక్కటే. కనుక ఆ పలుకుబడి తెలుగు నేలమీద నిలువనే నిలువదని నేను అనను. డెల్టాలో నిలుస్తుంది, తుపానులు చూచిన సముద్రతీరములో ఇంకా బాగుగా నిలుస్తుంది. పీఠభూమిమీదనే తలక్రిందులవుతుంది.

ఇంతకూ ఆ పిల్లవాడు వ్రాసినది ఇంగ్లీషు అర్థముగా తప్పే. అందులో సందేహము లేదు. అయినా అది తెలివితక్కువ జవాబు మాత్రము కాదు. వాన దినమునకు దాచుకొనుట అన్నది వాని ఇంటిలో అక్షరాలా జరిగే పని.

ఎట్లనగా, ఈ ఎఱ్ఱనేలలు లోతు తక్కువవి. వాన పడిన తరువాత విత్తడానికి తగిన తడి మూడు నాలుగు దినములకు మించి నిలువదు. ఆ తడినే రైతు ‘పదును’ అంటాడు. వాన ఎన్ని మిల్లీమీటర్లు పడినదని అతడు అడుగడు; పదునైనదా లేదా అని అడుగుతాడు. పదునైన గంటలో ఎద్దులు సిద్ధముగా ఉండవలె, గొఱ్ఱు సిద్ధముగా ఉండవలె, అన్నిటికంటె ముందు విత్తనము ఇంటిలో ఉండవలె. వేరుసెనగ అయితే ఎకరమునకు నలభై, యాభై కిలోల గింజలు కావలె. అంత బరువైన విత్తనమును ఆనాటికానాడు అప్పు తెచ్చి, కొని, బండిమీద వేసుకొని వచ్చేసరికి నేల ఆరిపోతుంది. మళ్ళీ మేఘము ఎప్పుడు కరుణించునో ఎవరికి తెలుసు? అందుచేతనే ఎంత ఆకలి వేసినా విత్తనపు మూటను విప్పరాదని ముసలివారు కట్టడి చేస్తారు. సబ్సిడీ విత్తనము పంచే రోజులలో రైతులు వేకువనే వచ్చి వరుసలలో చెప్పులు పెట్టి కూర్చొనుట చూచినవారికి ఆ కట్టడి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషువాడు దాచేది నష్టమునకు భయపడి. గుమ్మఘట్ట రైతు దాచేది అదను చేజారిపోకుండ. వాన వచ్చి, చేతిలో విత్తనము లేకపోవుట కరువుకంటె పెద్ద దుఃఖము. అయితే రెంటికి ఒక పోలిక ఉన్నది. ఆ దినము ఎప్పుడు వస్తుందో తెలియదు. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికీ తెలియవని మన సామెత. ‘రెయినీ డే’ లోని ఆకస్మికతను, ముందుజాగ్రత్తను ఆ పిల్లవాడు పూర్తిగా పట్టుకొన్నాడు. ఆకాశము వైపు మాత్రము వేరుగా చూచినాడు. నా చేతిలో ఉంటే సగము మార్కులు ఇచ్చి ఉండేవాడను. మిత్రుడు చాలసేపు వాదించి చివరకు ఒక మార్కుకు ఒప్పుకొన్నాడు.

ఇంగ్లీషు ప్రభువులకు కూడ ఈ దేశములో తమ పలుకుబడి తిరగబడిన సంగతి ఒకనాడు తెలిసివచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మహాకరువు తుడిచిపెట్టినది. ధాత నామ సంవత్సరములో మొదలైనది గనుక ప్రజలు దానిని ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురము బళ్ళారి జిల్లాలో భాగము. వేరు జిల్లా అయినది 1882లో. కరువు పనులలో కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ చేసిన కట్టుబాటు ఆనాడే అపకీర్తి పాలైనది. తరువాత 1878లో లిట్టను ప్రభువు ప్రభుత్వము కొత్త పన్నులు వేసి, కరువు భీమా నిధి అని ఏటా కోటి యాభై లక్షల రూపాయలు ప్రక్కన పెట్టుటకు నిశ్చయించినది. పేరు ఏదైతేనేమి, అది వాన లేని దినమునకు దాచిన సొమ్ము! ఆ పన్నుల రాబడి ఆఫ్ఘను యుద్ధమునకు ఊతమైనదని ఇంగ్లండులోను, ఇక్కడను పెద్ద అలజడి రేగినది. దాచుట ఒక ఎత్తు, దాచినదానిని దాచినపనికే తీయుట ఇంకొక ఎత్తు. 1952లో రాయలసీమలో మళ్ళీ గంజి కేంద్రములు తెరవవలసి వచ్చినది. ఆ గంజి త్రాగి బ్రతికిన తరమువారు కొందరు ఇప్పటికీ పల్లెలలో ఉన్నారు. వారిని అడిగితే ‘గడ్డుకాలము’ అన్న మాటకు నిఘంటువు చూడవలసిన పని ఉండదు.

దాచుకొనుటకు ఈ సీమవారి సొంతమాట ఒకటి ఉన్నది. అది ‘పాతర’. నేలలో లోతుగా గొయ్యి త్రవ్వి, చుట్టూ గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి ఉంచేవారు. పండిన ఏట పాతర వేయుట, ఎండిన ఏట పాతర తీయుట. లోపలి గాలి చెడి ఉంటుంది గనుక తెరవగానే దిగరాదు, కొంతసేపు విడిచిపెట్టవలె. కోస్తావారికి గాదె ఎట్లో సీమవారికి పాతర అట్లు. నేడు వార్తాపత్రికలలో ఈ మాట ఏ అర్థములో కనబడుతున్నది? ‘నిబంధనలకు పాతర’, ‘విలువలకు పాతర’. పూడ్చిపెట్టి వదిలివేయుట అన్న అర్థమొక్కటే మిగిలినది. రేపటి ప్రాణమునకు దాచిన గింజల కొట్టు శవమును పూడ్చిన గుంటగా మారినది. ఇంట పాతర లేకుండ పోయిన తరువాత మాటలోని గింజలు కూడ ఖాళీ అయినవి. భాషాచరిత్ర చదివే విద్యార్థులు అర్థవిపరిణామమునకు దూరదేశపు ఉదాహరణలు వెదకనక్కరలేదు.

ఈ వాతావరణపు తేడా ఒక్క వానతోనే ఆగదు. చలిదేశమువానికి వెచ్చదనము ప్రీతి. ఆదరణను అతడు ‘వెచ్చని’ దానిగాను, నిరాదరణను ‘చల్లని’ దానిగాను చెప్పుకొంటాడు. మనము చల్లని తల్లి అంటాము, చల్లని చూపు అంటాము, నీ కడుపు చల్లగా ఉండాలంటాము. ఒకనిని అవమానపరచుటకు ‘ఎండగట్టుట’ అని పేరు పెట్టుకొన్నాము. అయినప్పటికీ మంత్రిగారు వచ్చినప్పుడు ‘వెచ్చని స్వాగతము’ లభించినదని వ్రాసేవారు వ్రాస్తూనే ఉన్నారు. మే నెలలో, రాయదుర్గము బస్సు స్టాండులో దిగినవానికి వెచ్చని స్వాగతము మనుష్యులు ఇవ్వనక్కరలేదు! మన పలుకుబడులను ఇంగ్లీషులో పెట్టితే కూడ ఇంతే. ‘వాడు నాలుగు రాళ్ళు వెనకేసుకొన్నాడు’ అన్నదానిని మాటకు మాటగా చేసి ఒక దొరకు చదివి వినిపిస్తే, తన వీపు వెనుక నాలుగు రాళ్ళు విసరుకొనే ఈ పిచ్చివాడెవడని అతడు అడుగుతాడు.

కనుక తరగతిలో ఏమి చేయవలె? పలుకుబడి క్రింద ‘కష్టకాలము’ అని ఒక మాట వ్రాసి బట్టీపట్టించితే పరీక్షకు చాలును. కాని పిల్లవాడు మనసులో, ‘వాన వీరికి ఎందుకు చెడ్డదైనది?’ అని అడుగుకొంటూనే ఉంటాడు, పైకి అడుగడు. అడుగకపోతే కొన్నాళ్ళకు తన ఇంటి ఆకాశమే తప్పని అనుకొంటాడు. నాకు అన్నిటికంటె బాధ కలిగించేది అదే. కూలివాని కథ రెండు నిమిషములలో చెప్పవచ్చును. లండను లెక్కను, అనంతపురము లెక్కను ప్రక్కప్రక్కన వ్రాసి చూపవచ్చును. ఆ తరువాత, ‘ఇదే భావమును మీ జేజి ఏ మాటలతో చెప్తాది?’ అని అడిగి పంపితే మరునాడు నోటు పుస్తకములలో పాతరలు, కుదుళ్ళు, విత్తనపు మూటలు వస్తవి. అనువాదము విషయములో నా అభిప్రాయము స్పష్టము: సీమ పత్రికకు వ్రాసేవారు ‘కరువునాటికి దాచుకో’ అని వ్రాయవచ్చును, కోస్తావారు ‘ముసురునాటికి’ అనుకొంటే అనుకోవచ్చును, అందరికీ కావలెనంటే ‘ఆపదకు అక్కరకు’ ఉండనే ఉన్నది. ‘వాన దినమునకు’ అని మాత్రము ఎవరూ వ్రాయనక్కరలేదు.

‘రెయినీ డే’కు మన బడులలో మరొక అర్థము కూడ ఉన్నదని విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. జోరువాన పడి బడికి సెలవు ఇచ్చిన దినమును అట్లే అంటారు. డెల్టాలో ఉపాధ్యాయులు ఆ సెలవును ప్రకటించవలసి వస్తుంది. మా పీఠభూమిమీద బడులు జూన్ రెండవ వారమున తెరుచుకొంటవి. మృగశిర కార్తె ప్రవేశించేదీ ఇంచుమించు అప్పుడే. ఏ రాత్రియో మంచి పదునుకు వాన పడితే, తెల్లవారి ఎవరూ సెలవు ప్రకటించకుండనే హాజరు పట్టీలో సగము పేర్ల ఎదుట గైర్హాజరు గుర్తులు పడతవి. పిల్లలు గొఱ్ఱు వెంబడి, ఒడిలో గింజలతో, సాళ్ళలో ఉంటారు.